మన చదువు అలవాట్లు తెలుసుకోవాలంటే: రోజూ లెక్క రాయాలా, పుస్తకం మూసి రాసి చూడాలా?

చదువు ఎలా సాగుతోందో మనమే తేల్చుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఎప్పుడు కూర్చున్నాం, ఎన్ని పేజీలు చదివాం, ఎంత రాశాం అని రోజూ లెక్క రాసుకోవడం. రెండోది, పుస్తకం మూసేసి గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాసి, తర్వాత సరిచూసుకోవడం.

సమయం: లెక్కకు రోజుకు రెండు నిమిషాలు చాలు. రాసి చూడడానికి పావుగంటైనా కావాలి.

శ్రమ: మొదటిది తేలికే, కానీ కొన్నాళ్లకు మానేస్తాం. రెండోది మొదటి రోజు నుంచే కష్టం.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. మూడు గంటలు చదివామని రాసుకుంటే తృప్తిగా ఉంటుంది, ఎంత తలకెక్కిందో మాత్రం తెలియదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. తెల్లకాగితం చూస్తే టెన్షన్ వస్తుంది, నిజమే. కానీ ఏ భాగం రాలేదో కచ్చితంగా తెలిసిపోతుంది.

పుస్తకం ముందు కూర్చోవడమే కుదరడం లేదా? రెండు వారాలు లెక్క రాయండి, ఏ వేళ వృథా అవుతోందో బయటపడుతుంది. గంటలు పెడుతున్నా మార్కులు రావడం లేదంటే మాత్రం, ఇవాళే పుస్తకం మూసి రాయండి.