హైడెల్‌బెర్గా, రేగెన్స్‌బుర్గా? వీకెండ్‌కి ఏ ఊరు మేలు?

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, జర్మనీలో ఉన్న మనవాళ్లు చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. "ఊరి నుంచి అమ్మానాన్న వస్తున్నారు. నది పక్కన ఉన్న పాత ఊరు ఒకటి చూపించాలి. శని, ఆదివారాలే ఉన్నాయి. హైడెల్‌బెర్గ్ తీసుకెళ్లాలా, రేగెన్స్‌బుర్గ్ తీసుకెళ్లాలా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు నా లెక్కేమిటో ఇక్కడ రాస్తున్నాను. హోటల్ బుకింగులు, సీజన్ రేట్ల సంగతి మీకు తెలిసిందే, వాటి జోలికి పోను.

ముందు దూరం సంగతి తేల్చేద్దాం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటే హైడెల్‌బెర్గ్ రైల్లో సుమారు గంట. వాల్‌డోర్ఫ్‌లో సాప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫీసుకి వెళ్లేవాళ్లకైతే అది పక్క ఊరే. మ్యూనిక్ నుంచి రేగెన్స్‌బుర్గ్ గంటన్నర, న్యూరెంబర్గ్ నుంచి గంట. మీ ఇల్లు వీటిలో ఒకదానికి ఇంత దగ్గరగా ఉండి, చేతిలో ఒక్క రోజే ఉంటే ఇంక ఆలోచించక్కర్లేదు, దగ్గరున్న ఊరికే వెళ్లండి. రాత్రి అక్కడే ఉండి రెండు రోజులు గడపాలనుకునేవాళ్లకే ఈ పోలిక.

నా దృష్టిలో తేల్చాల్సింది ఒక్కటే. నది ఒడ్డు ఊరికి వెళ్లి ఆ నీళ్ల పక్కన ఎంతసేపు ఉండగలం? ఫొటోలో నది ఏ ఊళ్లోనైనా అందంగానే ఉంటుంది. గోదావరి గట్టున పుట్టి పెరిగిన మనిషిని తీసుకెళ్లి వ్యూ పాయింట్ దగ్గర నిలబెట్టి "అదిగో నది" అంటే ఆ ప్రాణానికి చాలదు. మెట్ల మీద కూర్చోవాలి, నీళ్ల చప్పుడు వినాలి, చీకటి పడేదాకా అక్కడే ఉండాలి. ఈ లెక్కలో రెండు ఊళ్లకీ చాలా తేడా ఉంది.

హైడెల్‌బెర్గ్‌లో పాత ఊరికీ నెకర్ నదికీ మధ్య బి-37 రోడ్డు పోతుంది. హౌప్ట్‌స్ట్రాసే అనే ప్రధాన షాపింగ్ వీధిలో నడుస్తూ ఏదో ఒక సందులోంచి నది వైపు దిగితే ముందు ఎదురయ్యేది కార్ల వరస. అది దాటితేనే నీళ్లు. గడ్డి మీద కాళ్లు చాపుకుని కూర్చోవాలంటే అవతలి ఒడ్డున ఉన్న నెకర్‌వీజేకి వెళ్లాలి. మంచి చోటే, ఎండాకాలం సాయంత్రాలు విద్యార్థులతో, పిల్లలతో కళకళలాడుతూ ఉంటుంది. కానీ అక్కడ కూర్చుంటే పాత వంతెన, కోట దూరంగా ఒక పక్కకి ఉండిపోతాయి. నది ఒక చోట, మీరు చూడ్డానికి వచ్చిన ఊరు ఇంకో చోట అన్నట్టు ఉంటుంది.

రేగెన్స్‌బుర్గ్‌లో డాన్యూబ్ పాయలుగా చీలి, మధ్యలో దీవుల్ని వదిలి, ఊళ్లోంచే ప్రవహిస్తుంది. దాని మీద 1135లో మొదలుపెట్టి 1146లో పూర్తిచేసిన రాతి వంతెన ఉంది. కార్లు, బస్సులు రానివ్వరు, నడిచేవాళ్లూ సైకిళ్లూ మాత్రమే. వంతెన నడిమధ్యన ఆగి పిట్టగోడ మీంచి కిందికి చూడండి. ఒక్కో స్తంభం చుట్టూ పడవ ఆకారంలో రాతి దిమ్మె కట్టారు, పునాది కోసుకుపోకుండా. ఆ దిమ్మెల వల్ల నీళ్లు పారే దారి ఇరుకైపోయింది. నెమ్మదిగా వచ్చే నది కమానుల దగ్గర ఒక్కసారిగా వేగం అందుకుని, అవతలి వైపు నురగలు కక్కుతూ సుడులు తిరుగుతుంది. పెద్ద ఓడలు ఈ కమానుల కింద పోలేవు. వాటికోసం ఊరికి ఉత్తరాన వేరే కాలువ తవ్వారు. మా నాన్నగారు అక్కడ నిలబడి ఆ సుడుల్నే చూస్తూ ఉండిపోయారు, కెథీడ్రల్ (పెద్ద చర్చి) చూద్దాం రమ్మంటే "ఆగరా" అన్నారు. నీళ్లు చల్లగా ఉన్నాయి కదా అని వంతెన దగ్గర దిగే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయకండి, ఆ సుడులు నిజంగా ప్రమాదం.

ఇంకా దగ్గరగా ఉండాలంటే ఐజర్నర్ స్టేగ్ అనే కాలిబాట వంతెన దాటి ఓబరర్ వ్యోర్డ్ దీవిలోకి వెళ్లండి. చెట్ల కింద నడక, ఎదురుగా నది, నది అవతల కెథీడ్రల్ జంట శిఖరాలు. ఎక్కడా ఎక్కుడు లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా నిదానంగా తిరగొచ్చు. ఊరి వైపు ఒడ్డున కొంత దూరం ఇక్కడా రోడ్డు ఉన్న మాట నిజమే. కాకపోతే దీవులూ వంతెనా ఉండడం వల్ల దాని బెడద పెద్దగా తెలియదు.

రెండో విషయం ఆదివారం. జర్మనీలో ఆదివారం షాపులన్నీ మూసేస్తారని మనకి తెలుసు, ఊరి నుంచి వచ్చినవాళ్లకి అది వింత. హైడెల్‌బెర్గ్ పాత ఊళ్లో ముఖ్యమైన ఆకర్షణ ఆ కిలోమీటరున్నర పైచిలుకు షాపింగ్ వీధి. ఆదివారం పొద్దున్న అందులో నడిస్తే మూసిన అద్దాలే కనిపిస్తాయి, కోట పైకి వెళ్లడమొక్కటే పని. రేగెన్స్‌బుర్గ్‌లో అదే సమయానికి కెథీడ్రల్‌లో పది గంటల పూజ ఉంటుంది, అందులో డోమ్‌ష్పాట్సెన్ అనే గాయకబృందం పిల్లలు పాడతారు. ఆ గాయకబృందం మూలాలు 975 నాటి బడి దాకా పోతాయి. స్కూలు సెలవుల్లో వాళ్లు పాడరు కాబట్టి తేదీ ముందే చూసుకోండి. టికెట్ లేదు, మతంతో పనిలేదు, మర్యాదగా వెనక బెంచీలో కూర్చుంటే చాలు. రంగుటద్దాల్లోంచి వెలుగు పడుతూ ఉంటే ఆ ఎత్తైన రాతి కప్పు కింద పిల్లల గొంతులు వినడం అమ్మకి ఎంత నచ్చిందో చెప్పలేను.

ఊరి పాతదనం విషయానికొస్తే రెంటికీ కథ వేరు. హైడెల్‌బెర్గ్‌ని ఫ్రెంచి సైన్యాలు 1689లోను, 1693లోను ధ్వంసం చేశాయి. ఇప్పుడు మనం చూసే ఇళ్లు చాలావరకు ఆ తర్వాత, 18వ శతాబ్దంలో కట్టుకున్నవి. రేగెన్స్‌బుర్గ్ మధ్యయుగంలో వ్యాపారంతో బాగా గడించిన ఊరు. అక్కడి షావుకార్లు ఇటలీ వాళ్లలాగా పోటీపడి ఇళ్ల మీద బురుజులు కట్టుకున్నారు. తర్వాత వ్యాపారం వేరే ఊళ్లకి తరలిపోయింది. కూలగొట్టి కొత్తవి కట్టుకునేంత డబ్బు లేక ఆ ఇళ్లన్నీ అలాగే మిగిలాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఇక్కడి మెసర్‌ష్మిట్ విమానాల ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాయి గానీ పాత ఊరు చాలావరకు బతికి బట్టకట్టింది. 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. క్రీస్తుశకం 179లో రోమన్లు కట్టిన కోట ద్వారం, పోర్టా ప్రిటోరియా, ఒక మామూలు వీధి గోడలో కలిసిపోయి ఉంటుంది. ఆ రాయి మీద చెయ్యి వేసి చూడొచ్చు, అడిగేవాళ్లు లేరు. గ్రహాల కక్ష్యల సూత్రాలు చెప్పిన కెప్లర్ తనకి రావాల్సిన జీతం బకాయిల కోసం వచ్చి 1630లో ఈ ఊళ్లోనే చనిపోయాడు. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక మ్యూజియం. సైన్స్ చదివే పిల్లలుంటే తప్పక చూపించండి.

హైడెల్‌బెర్గ్‌కి ఇవ్వాల్సిన మార్కులు ఇవ్వకపోతే అన్యాయం. సాయంత్రపు ఎండలో ఆ ఎర్రరాతి కోట శిథిలం, కింద పాత వంతెన, వెనక అడవి కొండ, ఇదంతా అవతలి కొండ మీది ఫిలోజోఫెన్‌వేగ్ అనే నడకబాట నుంచి చూస్తే అంతటి దృశ్యం రేగెన్స్‌బుర్గ్‌లో ఎక్కడా లేదు. పెద్దవాళ్లతో అయితే వంతెన దగ్గర మొదలయ్యే ష్లాంగెన్‌వేగ్ మెట్లు ఎక్కకండి, బాగా నిటారు. అవతలి ఒడ్డున ఉన్న నోయెన్‌హైమ్ పేట వైపు నుంచి వెళ్లండి, అదీ ఎక్కుడే గానీ కొంత నయం. కోటకి బెర్గ్‌బాన్ అనే కొండ ఎక్కే రైలు ఉంది, కోట టికెట్‌లోనే దాని ఛార్జీ కలిసి ఉంటుంది. లోపల రెండు లక్షల ఇరవై వేల లీటర్లు పట్టే వైన్ పీపా ఉంది, 1751 నాటిది, పిల్లలు నోరెళ్లబెడతారు. 1386లో పెట్టిన యూనివర్సిటీ ఇప్పటికీ ఊరికి ఊపిరి. మీ పిల్లలు జర్మనీలో చదువుకోవాలనుకుంటున్నారా, ఈ ఊరు చూపించడంలో అర్థం ఉంది. ఎస్-బాన్ (లోకల్ రైలు)లో వస్తే మెయిన్ స్టేషన్‌లో దిగకుండా హైడెల్‌బెర్గ్ ఆల్ట్‌స్టాట్ దాకా రండి, నడక చాలా తగ్గుతుంది.

తిండి దగ్గర పెద్ద తేడా లేదు. రేగెన్స్‌బుర్గ్ వంతెన పక్కనున్న వుర్స్ట్‌కుఖుల్ అనే హోటల్లో పంది మాంసం సాసేజ్‌లే ప్రధానం, శాకాహారులకి అక్కడ పెద్దగా ఏమీ దొరకదు. రెండూ విద్యార్థుల ఊళ్లు కాబట్టి ఫలాఫెల్, పిజ్జా, ఇండియన్ రెస్టారెంట్ ఎక్కడో ఒకచోట తగులుతాయి. పెరుగన్నం, పులిహోర డబ్బాలో పెట్టుకెళ్లి దీవిలో చెట్టుకింద తింటే ఇంకా హాయి.

మిగతా ఊళ్ల మాట. వ్యూర్జ్‌బుర్గ్‌లో రెసిడెన్స్ ప్యాలెస్, అందులో టియెపోలో అనే ఇటలీ చిత్రకారుడు వేసిన పైకప్పు చిత్రం గొప్పవి. ఊరు 1945 మార్చి 16న కాలిపోయి మళ్లీ కట్టింది, ఒక రోజుకి చాలు. పస్సౌలో మూడు నదులు కలుస్తాయి, బావుంటుంది, మ్యూనిక్ దాటి ఉన్నవాళ్లకి దూరం. బాంబెర్గ్‌లో నది మధ్యలో కట్టిన పాత టౌన్‌హాల్ చూడాల్సిందే, న్యూరెంబర్గ్ నుంచి ఒక పూటలో వెళ్లి రావొచ్చు.

రేగెన్స్‌బుర్గ్‌కే ఓటు వేస్తే గది పాత ఊళ్లో కాకుండా వంతెన అవతల ష్టాట్‌ఆమ్‌హోఫ్‌లో వెతకండి. ఎటు వెళ్లాలన్నా వంతెన దాటాలి, పొద్దున్నే జనం లేనప్పుడు ఒకసారి, రాత్రి దీపాల వెలుగులో ఇంకోసారి. అక్కడ గదులు తక్కువ కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. శనివారం మధ్యాహ్నం పడవ మీద వాల్‌హల్లాకి వెళ్లొచ్చు, ప్రయాణం ముప్పావు గంట. 1842లో తెరిచిన ఆ పాలరాతి మందిరానికి రేవు నుంచి మూడు వందల యాభై పైగా మెట్లున్నాయి. నడవలేనివాళ్లుంటే కారులో పై దాకా తీసుకెళ్లి, పడవ షికారు విడిగా పెట్టుకోండి. చలికాలంలో ఆ పడవలు నడవవు, కాబట్టి టైమ్‌టేబుల్ చూశాకే తేదీ ఖాయం చేసుకోండి.