ఇంపీరియల్ వైట్‌టెయిల్ క్లోవర్, 4 పౌన్ల సంచి: ఏ నేలకి కొనాలి, ఏ నేలకి వద్దు

అమెరికాలో తెల్లతోక జింకల వేట కోసం మేత మడి, అక్కడివాళ్ల మాటలో ఫుడ్ ప్లాట్, వేసేవాళ్లలో ఈ క్లోవర్ విత్తనం పేరు విననివాళ్లు అరుదు. క్లోవర్ అంటే మూడేసి ఆకులు వేసే పప్పుజాతి మేత మొక్క, ఇది అందులో తెల్ల క్లోవర్ రకం. అలబామాలోని వైట్‌టెయిల్ ఇన్‌స్టిట్యూట్ దీన్ని అమ్ముతుంది. బాస్ చేపల పోటీలతో పేరు తెచ్చుకున్న రే స్కాట్ 1988లో ఆ సంస్థ పెట్టారు. పశువుల కోసం కాకుండా జింక నోటికి నచ్చేలా క్లోవర్ రకాలను ఎంపిక చేసే పనిని ఆబర్న్ యూనివర్సిటీకి చెందిన వైలీ జాన్సన్ చేశారు. ఇప్పుడు టెక్సస్, జార్జియా, పెన్సిల్వేనియా లాంటి చోట్ల ఐదో పదో ఎకరాలు కొనుక్కున్న తెలుగువాళ్లు కూడా ఈ సంచి గురించి ఆరా తీస్తున్నారు. కాబట్టి వివరంగా చెప్పుకుందాం.

ముందు సంచి సంగతి. 4 పౌన్ల సంచి అరెకరానికి, అంటే మన లెక్కలో 50 సెంట్లకి, సరిపోతుంది. ఎకరాకి 8 పౌన్లు. తెల్ల క్లోవర్ గింజలు పౌనుకి ఏడున్నర లక్షల దాకా తూగుతాయి, ఆవాల కన్నా చిన్నవి. అయితే ఇది పూత వేసిన విత్తనం, తూకంలో కొంత భాగం పూతదే. పూత మూడో వంతు అనుకుని లెక్కేసినా చదరపు అడుగుకి 90 గింజల దాకా పడతాయి. క్లోవర్‌కి అది ధారాళం. అందుకే మొలక పలచగా వచ్చిందని ఇంకో సంచి కొనే ముందు, తప్పు విత్తనంలో ఉందా నేలలో ఉందా అని ఆగి చూడాలి. నూటికి తొంభై సార్లు నేలదే.

సంచికి కుట్టి ఉన్న ట్యాగ్ తప్పకుండా చదవండి. శుద్ధ విత్తనం శాతం, పూత శాతం, మొలక శాతం, గట్టి గింజల శాతం, పరీక్ష చేసిన నెల, అన్నీ అందులో ఉంటాయి. గట్టి గింజ అంటే పైపొర నీరు పీల్చక అప్పుడే మొలవనిది. అది చచ్చిన గింజ కాదు, కొన్ని వారాలకో, చలికాలం గడిచాకో లేస్తుంది. పరీక్ష తేదీ పాతబడిన సంచి తగ్గింపు ధరకి వస్తే ఆశపడొద్దు. గింజ బతికి ఉన్నా పూతలోని రైజోబియం, అంటే వేళ్లలో చేరి నత్రజని పట్టే బ్యాక్టీరియా, బతికి ఉంటుందన్న నమ్మకం లేదు. మన ఊళ్లలో వేరుశనగకీ మినుముకీ బెల్లం నీళ్లతో రైజోబియం కల్చర్ పట్టించి నీడన ఆరబెడతారు కదా, ఇక్కడ పూత చేసే పనీ అదే. కాకపోతే క్లోవర్‌కి క్లోవర్ జాతి బ్యాక్టీరియానే కావాలి. అల్ఫాల్ఫా (లూసర్న్) ప్యాకెట్టు దీనికి పనికిరాదు. సంచిని ఎండలో కారు డిక్కీలో రెండు రోజులు ఉంచినా ఆ జీవాలు చస్తాయి.

ఇక అసలు విషయం, నేల. ఈ క్లోవర్ తడి నిలిచే బరువు నేలల కోసం. వాగు పక్క పల్లాలు, గుట్ట కింద బంకమట్టి, గరప నేలలు దీనికి పుట్టిల్లు. మెరక మీద ఇసుక నేలలో వేస్తే మేలో పచ్చగా కళకళలాడి, జులై ఎండకి గోధుమరంగు చాపలా పడిపోతుంది. దీని వేళ్లు లోతుకి పోవు. మొదటి తల్లివేరు ఏడాదికో రెండేళ్లకో పోతుంది. ఆ తర్వాత మొక్క నేల మీద పాకే కాడల కణుపుల దగ్గర దిగిన పైపై వేళ్ల మీదే బతుకుతుంది. అలాంటి మొక్కకి పై మూడు నాలుగు అంగుళాల్లో తడి లేకపోతే దిక్కులేదు. కంపెనీ కూడా ఎండిపోయే మెరక నేలలకి వేరే మిశ్రమాలు చూసుకోమనే చెబుతుంది. ఆ మాట పట్టించుకోకుండా కొని, తర్వాత విత్తనాన్ని తిట్టడం న్యాయం కాదు.

రెండోది పీహెచ్. 6.5 దగ్గర ఉండాలి, 6.0 కన్నా దిగితే ఆకు పసుపు తిరుగుతుంది, వేరుబుడిపెలు సరిగ్గా కట్టవు. ఆగ్నేయ రాష్ట్రాల్లో చెట్లు కొట్టి తీసిన మడులు చాలావరకు 5.5కి అటూ ఇటూ ఉంటాయి. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు (అక్కడి వ్యవసాయ సలహా కేంద్రం) ద్వారా మట్టి పరీక్ష చేయించుకోండి. మడిలో పది పన్నెండు చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి కలిపి పంపాలి, ఒక్క చోట తీసిన మట్టి చెప్పేదేమీ ఉండదు. ఎకరాకి 2 టన్నుల సున్నం అని రిపోర్టు వచ్చిందనుకోండి. అక్కడి టన్ను 2000 పౌన్లు. అంటే అరెకరానికి 2000 పౌన్లు, 40 పౌన్ల గుళికల సున్నం సంచులు 50. చేతిలో ఉన్న విత్తనం 4 పౌన్లు, దాన్ని బతికించే సున్నం 2000 పౌన్లు! డబ్బంతా విత్తనం మీద పెట్టి సున్నం దగ్గర వెనకాడేవాళ్ల మడి రెండో ఏడు చూడదు. సున్నం వేసి దుక్కిలో కలిపి, వీలైతే ఆరు నెలల ముందే పని ముగించాలి. పైన చల్లి వదిలేస్తే అది కిందికి దిగడానికి ఏళ్లు పడుతుంది.

ఎరువు విషయంలో నత్రజని జోలికి పోవద్దు. 19-19-19 లాంటివి వేస్తే బలిసేది గడ్డి. క్లోవర్ తన నత్రజని తానే తయారు చేసుకుంటుంది. పరీక్ష చెప్పిన మేరకి భాస్వరం, పొటాష్ చాలు, నత్రజని లేని 0-20-20 రకం సరిపోతుంది. ఆరేడు వారాలు గడిచాక ఒక మొక్కని మట్టిగడ్డతో సహా తవ్వి, నీళ్లలో నెమ్మదిగా కడిగి చూడండి. వేళ్లకి ఆవగింజంత బుడిపెలు కనిపించాలి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు ఉంటే పని జరుగుతున్నట్టే. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే బుడిపె ఉండి కూడా పనిచేయడం లేదు.

ఎక్కువ మడులు పాడయ్యేది చల్లే రోజునే. పావు అంగుళం కన్నా లోతుకి పోతే గింజలో ఉన్న సత్తువ బయటికి వచ్చేదాకా సరిపోదు. దున్నిన మట్టి మెత్తగా పరుపులా ఉందని మురిసిపోయి దాని మీద చల్లితే, మొదటి వానకే గింజ అంగుళం లోతుకి జారిపోతుంది. సరైన వరస ఇది: దున్ని, చదును చేసి, కల్టీప్యాకర్‌తో, అంటే ట్రాక్టరో బండో లాగే బరువైన రోలర్‌తో, గట్టిగా అణచాలి. నడిస్తే బూటు మడమ అర అంగుళం కన్నా దిగకూడదు. అప్పుడు గింజ చల్లి, మళ్లీ ఒకసారి అణచాలి. చల్లాక డిస్క్ గానీ హారో గానీ ఈడ్చవద్దు. కల్టీప్యాకర్ లేనివాళ్లు పచ్చిక మీద తిప్పే నీళ్ల డ్రమ్ము రోలరో, ఏటీవీ (పొలంలో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి) చక్రాలో వాడి పని జరుపుకోవచ్చు.

చేతితో తిప్పే స్ప్రెడర్‌లో ఇంత సన్న గింజ నీళ్లలా కారిపోతుంది. అరెకరానికి తెచ్చిన సంచి పది సెంట్లకే ఖాళీ అవుతుంది. ద్వారం అతి చిన్నగా పెట్టి, విత్తనాన్ని రెండు భాగాలు చేసి, ఒకటి ఉత్తర దక్షిణాలుగా, రెండోది తూర్పు పడమరలుగా చల్లండి. పొడి ఇసుక కలుపుకుంటే చేతికి అదుపు వస్తుంది.

అదను చూస్తే, దక్షిణ రాష్ట్రాల్లో సెప్టెంబరు, అక్టోబరు, ఉత్తరాన జులై చివరి నుంచి ఆగస్టు దాకా. గట్టి మంచు పడేలోగా కనీసం ఆరు వారాలు ఎదుగుదల దొరకాలి. ఉత్తరాన ఇంకో పద్ధతి ఉంది, ఫ్రాస్ట్ సీడింగ్. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో, నేల తేనెపట్టులా పగిలి ఉన్న ఉదయం, గింజని ఊరికే చల్లేస్తారు. ఆ పగుళ్లే గింజని మింగి మట్టి కప్పుతాయి. పాత మడి పలచబడిన చోట నింపడానికి ఇంత చవకైన దారి లేదు. దట్టమైన గడ్డి మీద చల్లితే మాత్రం గింజ మట్టిని తాకదు.

శరత్కాలంలో చల్లేటప్పుడు తోడు పంటగా ఎకరాకి 40 పౌన్ల ఓట్స్ మంచిది. త్వరగా లేచి జింకల నోటిని తనవైపు తిప్పుకుంటుంది, ఈలోగా లేత క్లోవర్ వేరు పట్టుకుంటుంది. వంద పౌన్లు వేస్తే అదే నీడ పట్టి క్లోవర్‌ని చంపేస్తుంది.

కలుపు దగ్గర ఒక పొరపాటు మడి మొత్తాన్ని తీసేస్తుంది. 2,4-డి అనే కలుపు మందు క్లోవర్‌ని చంపుతుంది. 2,4-డీబీ వేరే మందు, పేరులో ఒక్క అక్షరం తేడా. డబ్బా రెండుసార్లు చదవండి. గడ్డిజాతికి క్లెథోడిమ్, నూనె కలిపి, గడ్డి మూడు నుంచి ఆరు అంగుళాల ఎత్తులో చురుగ్గా పెరుగుతున్నప్పుడు కొట్టాలి. ఎండకి వాడిన గడ్డి మందు పీల్చదు. వెడల్పాకు కలుపుకి మన వేరుశనగ రైతులు వాడే ఇమాజితాపిర్ పనిచేస్తుంది. లేబుల్ మీద క్లోవర్ పేరు, మీ రాష్ట్రానికి అనుమతి ఉంటేనే కొట్టండి, మోతాదు కూడా అందులోదే పాటించండి. కోయడం కూడా కలుపు మందే. కలుపు పూత మీద ఉండగా, గింజ కట్టకముందే, ఆరంగుళాల ఎత్తు వదిలి కోయాలి. వానలేని వేసవి మధ్యలో కోస్తే నేలకి నీడ పోయి క్లోవర్ మాడిపోతుంది. మే చివర, జూన్ మొదట్లో అంచుల ఎత్తుగడ్డిలో జింక పిల్లలు కదలకుండా పడుకుని ఉంటాయి, యంత్రం శబ్దానికి లేచి పారిపోవు. ముందు ఒకసారి నడిచి చూసి, ఆ తర్వాతే యంత్రం దింపండి.

జింకలు నిజంగా తింటున్నాయా? కంటికి కనిపించినదాన్ని బట్టి చెప్పలేం. నాలుగడుగుల ఎత్తు కంచె వలని మూడడుగుల గుండ్రంగా చుట్టి మడి మధ్యలో పాతండి. నెల తర్వాత వలలో క్లోవర్ మోకాలి దగ్గరికి వచ్చి, బయట చీలమండ ఎత్తులో ఉంటే మడి తన పని చేస్తోందన్నమాట. బయట మట్టే కనిపిస్తే జింకలకి మడి చాలడం లేదు. విత్తనం మార్చి లాభం లేదు, విస్తీర్ణం పెంచాలి లేదా ఆడ జింకల సంఖ్య తగ్గాలి. కొరికిన చోటు కూడా చూడండి. జింకకి పై ముందుపళ్లు ఉండవు, లాగి తెంపుతుంది, కాబట్టి అంచు చిరిగినట్టు ఉంటుంది. కత్తిరించినట్టు ఏటవాలుగా ఉంటే తింటున్నది కుందేలు.

అక్టోబరులో మడి హఠాత్తుగా ఖాళీ అయితే కంగారు పడొద్దు. ఓక్ కాయలు, ముఖ్యంగా తెల్ల ఓక్‌వి, రాలే వారాల్లో జింకలు క్లోవర్‌ని వదిలి చెట్ల కిందికి పోతాయి. కాయలు అయిపోతే తిరిగి వస్తాయి. గట్టి మంచు దెబ్బలు తిన్నాక క్లోవర్ ఆకు నీరసిస్తుంది, అప్పుడు పక్కన గోధుమో రై పంటో ఉన్న మడే గెలుస్తుంది. చలి ముదిరాక వేటకి వెళ్లేవాళ్లు ఈ ఒక్క సంచినే నమ్ముకుంటే నిరాశే. దీని బలం వసంతం, వేసవి మొదలు, మళ్లీ వేట సీజన్ మొదటి వారాలు. కొమ్ములు పెరిగే, పిల్లలకి పాలిచ్చే నెలల్లో ఇంత మాంసకృత్తులున్న ఆకు దొరకడమే దీని అసలు విలువ. మాటు కట్టే చోటు గాలివాటు చూసి ఎంచుకోండి. మడి దాటుకుని మాటుకి వెళ్లే దారి పెట్టుకుంటే మూడో సాయంత్రానికే పెద్ద మగ జింక చీకటి పడ్డాక గానీ రాదు.

దీనికి గట్టి పోటీ పెన్నింగ్టన్ కంపెనీ అమ్మే డ్యురానా అనే తెల్ల క్లోవర్. జార్జియా యూనివర్సిటీలో జో బౌటన్ అభివృద్ధి చేసిన రకం. ఆకు చిన్నది, మొదటి ఏడు నెమ్మదిగా లేస్తుంది, కానీ కాడలు గరికలా పాకి, ఒత్తిడి మేతని, గడ్డి పోటీని బాగా తట్టుకుంటుంది. దక్షిణాన సున్నం అంతంతమాత్రంగా ఉన్న నేలకి, ఏటా చూసుకునే తీరిక లేనివాళ్లకి మా ఓటు డ్యురానాకే. తడి పల్లం ఉండి, సున్నం సరిచేసి, ఏడాదికి రెండుసార్లు కోయగలిగేవాళ్లకి ఇంపీరియల్ ఇచ్చినంత మెత్తని, విస్తారమైన ఆకు డ్యురానా ఇవ్వదు. సాధారణ లడినో (పెద్దాకు తెల్ల క్లోవర్) కన్నా ఇంపీరియల్ ధర ఎక్కువే. ఆ తేడా మంచి నేలలోనే తిరిగి వస్తుంది.

చట్టం మాట. మేత మడి పంట కిందికి వస్తుంది, మొక్కజొన్న పొత్తుల కుప్ప ఎర కిందికి వస్తుంది. చాలా రాష్ట్రాలు ఈ రెంటినీ వేరుగా చూస్తాయి. జింకలని చిక్కి చచ్చేలా చేసే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే రోగం భయంతో మిషిగన్ లోయర్ పెనిన్సులాలో 2019లో ఎర వేయడాన్ని నిషేధించారు. మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఆ ఏటి నిబంధనలు చదివాకే పని మొదలుపెట్టండి. భారతదేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద జింక వేట నేరం, ఈ సలహాలేవీ అక్కడికి వర్తించవు.

బాగా చూసుకుంటే మడి మూడు నుంచి ఐదేళ్లు నిలుస్తుంది. నాలుగో ఏడు నుంచి గడ్డి ముదురుతోందంటే క్లోవర్ కూడబెట్టిన నత్రజనిని గడ్డి తింటోందని అర్థం. మందులతో పోరాడేకన్నా, జీలుగ కలియదున్ని వరి వేసినట్టు, దాన్ని దున్నేసి ఒక సీజన్ గోధుమ వేయండి. యూరియా అవసరం పెద్దగా ఉండదు. అంతకు ముందు ఇమాజితాపిర్ కొట్టి ఉంటే మాత్రం ఏ పంటకి ఎన్ని నెలలు ఆగాలో లేబుల్ చూడాలి. గోధుమకి ఆ గడువు తక్కువ, ఓట్స్‌కీ ఆవ జాతి మొక్కలకీ చాలా ఎక్కువ.