ఆన్‌లైన్‌లో ‘పూరించే శంఖం’ కొంటున్నారా? వాపసు గడువు దాటకముందే పరీక్షించుకోండి

శంఖం పూరించడం నేర్చుకుందామని ఆన్‌లైన్‌లో శంఖం తెప్పించుకోబోతున్నవారికి ఈ హెచ్చరిక. శంఖం పలకకపోతే లోపం తమ ఊదడంలోనే ఉందని కొత్తగా నేర్చుకునేవారందరూ అనుకుంటారు. కొందరు అమ్మకందారులు ఆ అనుమానాన్నే అడ్డం పెట్టుకొని పనికిరాని శంఖాలను అంటగడుతున్నారు.

‘అసలైన దక్షిణావర్త శంఖం, మొదటి రోజే పలుకుతుంది, శిక్షణ వీడియోలు ఉచితం’ అన్న ప్రకటన చూసి, 1,850 రూపాయలు ముందుగానే చెల్లించి నేను ఒకటి తెప్పించుకున్నాను. వచ్చిన శంఖం పాలరాయిలా మెరుస్తూ చూడముచ్చటగానే ఉంది కానీ, ఎంత ఊదినా బుస్సుమన్న గాలి తప్ప నాదం రాలేదు. అమ్మినవారికి ఆ సంగతి తెలియజేస్తే, శంఖానికి సాధన కావాలని, పెదవులు అలవాటు పడడానికి కనీసం పది రోజులు పడుతుందని ఎంతో మర్యాదగా సమాధానమిచ్చారు. వాపసు గడువు మాత్రం ఏడు రోజులే. ఈ లెక్కలోని మతలబు అర్థం కావడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

గడువు ఇంకా మిగిలి ఉండగానే దానిని మా వీధి రామాలయ అర్చకులకు చూపించాను. నిత్యం ఆరాధన వేళ శంఖం పూరించే మనిషి ఆయన. రెండుసార్లు ఊది చూసి, “దీంట్లో ఊపిరి నిలవడం లేదు బాబూ, ఎక్కడో కారిపోతోంది” అని, తన శంఖం తీసి ఒక్క ఊపిరికే మండపమంతా మోగించారు. ఇంటికి వచ్చి గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచేసరికి, రెండో చుట్టు మీద తెల్లటి ముద్ద మెత్తబడి ఊడి వచ్చింది. దాని కింద గుండుసూది దూరేంత బెజ్జం, అక్కడి నుంచి వెంట్రుకవాసి పగులు బయటపడ్డాయి. సముద్రంలో పురుగు తొలిచిన శంఖానికి మైనమూ తెల్లపొడీ కలిపి మెత్తి, పైన మెరుగు పెట్టారన్నమాట.

ఇంత చిన్న బెజ్జానికే శంఖం మూగబోవడానికి కారణం ఉంది. శంఖంలో నాదాన్ని పుట్టించేది మన పెదవుల అదురు, దానిని పెంచి పలికించేది చుట్లు చుట్లుగా వెడల్పయ్యే లోపలి గాలి స్తంభం. ఆ స్తంభానికి మధ్యలో కంత పడితే అదురు నిలదొక్కుకోదు. కొస కోసిన చోట రంధ్రం అంచు ఎగుడుదిగుడుగా ఉన్నా, పెదవులు సరిగా ఆనక ఇదే ఇబ్బంది వస్తుంది. అందుచేత శంఖం చేతికి రాగానే కొస రంధ్రాన్ని బొటనవేలితో గట్టిగా మూసి, లోపల గోరువెచ్చని నీరు నింపి, బయట ఎక్కడైనా చెమ్మ ఊరుతోందేమో చూడండి. చీకటి గదిలో లోపలికి టార్చి వేసినా మెత్తిన చోటు మచ్చలా వేరుగా కనిపిస్తుంది. పెట్టె విప్పడం మొదలు ఈ పరీక్షంతా ఆపకుండా వీడియో తీసి ఉంచుకోవడం మంచిది, తరువాత మాట మార్చే వీలు వారికి ఉండదు.

ఇక ‘దక్షిణావర్త’ అన్న మాట సంగతి. మన దేశానికీ శ్రీలంకకూ మధ్య ఉన్న మన్నార్ సింధుశాఖలోనూ, పాక్ అఖాతంలోనూ, శ్రీలంక తీరంలోనూ దొరికే మన పూజాశంఖం శాస్త్రీయ నామం టర్బినెల్లా పైరమ్. కొస పైకి పెట్టి, నోరు (వెడల్పుగా తెరుచుకున్న భాగం) మనవైపు తిప్పి పట్టుకుంటే మామూలు శంఖం నోరు కుడివైపు ఉంటుంది. ఎడమవైపు ఉన్నదే మనవారు దక్షిణావర్తమనే, తమిళులు వలంపురి అనే అరుదైన శంఖం. అంత అరుదైనదాని కొస కోసి, రంధ్రం చేసి, రెండు వేల లోపు ధరకు ఎవరూ అమ్మరు. మెక్సికో సింధుశాఖలోనూ అమెరికా తూర్పు తీరంలోనూ దొరికే వేరే జాతి గుల్ల ఒకటి సహజంగానే ఎడమవైపు తెరుచుకుంటుంది, ఆ పేరుతో అమ్ముతున్నది చాలావరకు దానినే. నోటి లోపల, చుట్లన్నింటికీ నడుమ ఇరుసులా ఉండే గట్టి భాగం మీద వేలు పెట్టి చూడండి: మన శంఖానికి అక్కడ మూడు నాలుగు గట్టి మడతలు తగులుతాయి, ఆ గుల్లకు నున్నగా ఉంటుంది. నాకు వచ్చింది నున్ననిదే. శంఖంలో పోస్తేనే తీర్థమన్నారు గదా అని ఏ గుల్ల ఇచ్చినా కళ్లకు అద్దుకుంటామనుకున్నారు కాబోలు.

పెద్ద బూరలాంటి ట్రైటన్ శంఖాన్ని ‘కచేరీ శంఖం’ అంటూ చూపిస్తే దాని జోలికి అసలు పోవద్దు. జపాన్‌లో హొరాగాయ్ పేరుతో వాయించేది దానినే అయినా, మన దేశంలో అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో ఉంది.

‘వారంలో శంఖం మీద సరిగమలు’ అన్న శిక్షణ కూడా నాకు శంఖం పంపిన దుకాణమే అమ్ముతోంది. వేళ్లతో మూసి తెరిచే రంధ్రాలు లేని శంఖం ఒక మూలస్వరాన్ని, పెదవులు బిగిస్తే దానిపై ఒకటి రెండు స్వరాలను ఇస్తుంది. నోటిలోకి చేయి జొనిపి స్వరాన్ని కొంత దించవచ్చు. ఫ్రాన్స్‌లోని మార్సూలా గుహలో 1931లో దొరికిన, సుమారు 18,000 ఏళ్ల నాటి శంఖాన్ని అనుభవజ్ఞుడైన వాద్యకారుడు ఊదితేనే మూడు స్వరాలు పలికాయని 2021లో పరిశోధకులు ప్రకటించారు. శంఖాలతో జాజ్ వాయించే అమెరికన్ ట్రాంబోన్ (ఇత్తడి ఊదు వాద్యం) విద్వాంసుడు స్టీవ్ టర్రే సైతం చిన్నవీ పెద్దవీ పలు శంఖాలు వాడతారు, చేతితో స్వరం వంచుతారు. కాబట్టి ఫలానా శ్రుతి శంఖమని చెప్పేవారిని, మీకు పంపబోయే ఆ శంఖాన్నే శ్రుతిపెట్టె పక్కన ఊది వినిపించమని అడగండి.

ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోబోమనే హక్కు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారుకు లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలి. సాధన చేయమన్న వారి సందేశాలను, నీటి పరీక్ష వీడియోను జతచేసి, జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915లో ఫిర్యాదు నమోదు చేసిన తరువాతే నా డబ్బు వెనక్కి వచ్చింది. అదే ప్రకటన ఇప్పుడు మరో దుకాణం పేరుతో తిరుగుతోంది, వీడియో మాత్రం మారలేదు. అందులో ఊదుతున్న శంఖం పెదవి మీద గోధుమరంగు చార ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది, నాకు పంపిన దాని మీద అది లేదు.