పొలంలో ఎలుకలు, కుందేళ్ల బెడద: ఎయిర్ రైఫిలా, పాయింట్ టూటూ రైఫిలా?

ఖర్చు: పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న గుళ్లు) బాగా చవక. పాయింట్ టూటూ (.22, అంటే సన్న తూటాలు పేల్చే చిన్న రైఫిల్) తూటాలకు కాస్త ఎక్కువే అయినా, పెద్ద రైఫిల్ తూటాలతో పోలిస్తే తక్కువే.

గురిగా కొట్టగల దూరం: మామూలు ఎయిర్ రైఫిల్‌కి 30, 40 మీటర్లు. పాయింట్ టూటూ, సబ్‌సోనిక్ (ధ్వని కన్నా తక్కువ వేగంతో పోయే) తూటాతో 70 దాకా.

శ్రమ: స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ చిన్నదే కదా అనుకుంటారు గానీ, పేల్చినప్పుడు ముందుకీ వెనక్కీ కుదుపుతుంది కాబట్టి గురి కుదరడానికి దానితోనే ఎక్కువ ప్రాక్టీస్ కావాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. పాయింట్ టూటూ తూటా ఒకటిన్నర కిలోమీటరు దాటి పోగలదు, పైగా రాయికో గట్టినేలకో నీళ్లకో తగిలితే ఎటు ఎగిరిపోతుందో చెప్పలేం. గురి వెనక మట్టిగట్టు లేకపోతే పేల్చొద్దు, చెట్టు మీది పావురం జోలికైతే అసలే వెళ్లొద్దు. పెల్లెట్ త్వరగానే బలం కోల్పోతుంది (కన్ను పోగొట్టడానికి మాత్రం చాలు).

కొట్టం లోపల, పశువుల పక్కన ఎలుకలైతే ఎయిర్ రైఫిల్. విశాలమైన చేలో, వెనక గట్టు ఉండి, సాయంత్రం కుందేళ్లు మేతకొచ్చే చోటైతే పాయింట్ టూటూ, అదీ లైసెన్స్, వేట రూల్స్ రెండూ అనుమతిస్తేనే.