మాలిక్యూల్‌లో నాకు నచ్చింది ఆ రెండో రన్

సర్వర్లను ఆటోమేటిక్‌గా సెట్ చేసే అన్సిబుల్‌లో ఒక పనికి సంబంధించిన టాస్క్‌ల కట్టను రోల్ అంటారు. ఆ రోల్స్‌ను సీఐలో (కోడ్ మారినప్పుడల్లా దానంతటదే నడిచే పరీక్షల వరుస) పరీక్షించడానికి మాలిక్యూల్ అనే టూల్ వాడటం మొదలుపెట్టి చాలా కాలమైంది. ఇన్‌స్టాల్ ఎలా చెయ్యాలి, ఏ ఫైల్లో ఏం రాయాలి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు చెప్పాలనిపించింది ఐడెంపొటెన్స్ (అదే పని మళ్లీ చేసినా ఏమీ మారకపోవడం) అనే ఒక్క స్టెప్ గురించి. ఈ టూల్‌ని తీసేద్దామని అనిపించినప్పుడల్లా నన్ను ఆపింది అదే.

అది చేసే పని చాలా చిన్నది. పరీక్ష కోసం పెట్టిన కంటైనర్ (చిన్న తాత్కాలిక సర్వర్ లాంటిది) లేచాక కన్వర్జ్ అనే స్టెప్‌లో రోల్ ఒకసారి నడుస్తుంది. వెంటనే అదే కంటైనర్ మీద అదే రోల్ మళ్లీ నడుస్తుంది. రెండోసారి ఒక్క టాస్క్ ‘చేంజ్డ్’ (ఏదో మార్చాను) అన్నా బిల్డ్ ఫెయిల్. ఇందుకోసం మనం ఒక్క లైను టెస్ట్ కూడా రాయక్కర్లేదు. వెరిఫై స్టెప్‌లో సర్వీస్ నడుస్తోందా, పోర్ట్ తెరిచి ఉందా అని చూసే టెస్టులు మేమూ రాశాం. అవి ఎక్కువగా రోల్‌లో ఉన్న మాటనే తిరిగి చెబుతాయి. ఫలానా ఫైల్ పెట్టమని పైన రాసి, ఫలానా ఫైల్ ఉందా అని కింద అడగడంలో కొత్తగా తెలిసేది తక్కువే. రెండో రన్ అలా కాదు, మనకు తట్టని ప్రశ్న అడుగుతుంది.

మామూలుగా దొరికేవి తెలిసిన రకాలే. పాస్‌వర్డ్‌ని గుర్తుపట్టలేని అక్షరాలుగా (హ్యాష్‌గా) మార్చే పాస్‌వర్డ్_హ్యాష్ ఫిల్టర్‌ని, అందులో కలిపే సాల్ట్ అనే అదనపు ముక్క ఇవ్వకుండా వాడితే ప్రతిసారీ కొత్త హ్యాష్ వస్తుంది, యూజర్ టాస్క్ ప్రతిసారీ చేంజ్డ్ అంటుంది. ఒకే ఫైల్‌ని ఒక టాస్క్ టెంప్లేట్‌తో (నమూనా నుంచి ఫైల్ మొత్తం) రాస్తే, ఇంకో టాస్క్ అందులో లైన్‌ఇన్‌ఫైల్‌తో (ఒక్కో లైనుగా) మార్పులు చేస్తుంది. ఇద్దరూ ఒకరి పని ఒకరు చెరుపుకుంటూ ఉంటారు. ఇలాంటివి ఐదు నిమిషాల్లో సర్దుకుపోతాయి.

నన్ను దీనికి అభిమానిని చేసింది మాత్రం వేరే సంగతి. మా దగ్గర ఒక డేటాబేస్ రోల్ ఉంది. దాని సీఐ పైప్‌లైన్ ఒకసారి ఎరుపు (ఫెయిల్), మళ్లీ నొక్కితే ఆకుపచ్చ (పాస్). ఫెయిలయ్యేది ఎప్పుడూ ఐడెంపొటెన్స్ దగ్గరే, టాస్క్ పేరు కూడా అదే: అనుమతించిన అడ్రస్‌ల ఫైల్ రాసే టెంప్లేట్. కోడ్‌లో ఏ మార్పూ లేకుండానే ఫలితం మారుతోంది కాబట్టి దానికి ‘ఫ్లేకీ’ (నిలకడ లేని టెస్ట్) అని పేరు పడిపోయింది. టీమ్‌లో కొందరైతే ఆ స్టెప్‌నే తీసేద్దాం అన్నారు.

కొత్తగా చేరిన ఒకమ్మాయి మాత్రం ఊరుకోలేదు. మాలిక్యూల్ టాస్క్ పేరు చెబుతుందే గానీ కారణం చెప్పదు. అందుకని ఆమె కన్వర్జ్‌ని, ఫైల్‌లో ఏం మారిందో చూపించే డిఫ్ ఆప్షన్‌తో వరసగా నడిపించి చూసింది. డిఫ్‌లో అడ్రస్‌లన్నీ ఉన్నాయి. ఒకటి పోలేదు, ఒకటి చేరలేదు. పైనున్నది కిందికి, కిందున్నది పైకి వచ్చాయి, అంతే.

రోల్‌లో రెండు జాబితాలను యూనియన్ ఫిల్టర్‌తో కలిపి టెంప్లేట్‌కి ఇస్తున్నారు. యూనియన్ ఇచ్చే జాబితా ఏ వరుసలోనైనా రావచ్చని దాని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. అన్సిబుల్ పైథాన్‌లో రాసింది; జాబితాలను కలపడానికి యూనియన్ వాడే పైథాన్ సెట్‌లో స్ట్రింగ్‌ల (అక్షరాల ముక్కల) వరుస వాటి హ్యాష్‌ని (వాటి నుంచి లెక్కగట్టే సంఖ్యని) బట్టి ఉంటుంది. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి ఆ హ్యాష్ ప్రతి ప్రాసెస్‌కీ మారడం డిఫాల్ట్. ప్లేబుక్ (రోల్స్‌ని నడిపే ఫైల్) నడిపిన ప్రతిసారీ కొత్త ప్రాసెస్, కొత్త వరుస. టెస్ట్ డేటాలో ఉన్నవి రెండే అడ్రస్‌లు కాబట్టి అవి అదృష్టం కొద్దీ అదే వరుసలో వస్తే పాస్, లేకపోతే ఫెయిల్. ఫ్లేకీ అన్నది అదన్నమాట.

అసలు కథ ప్రొడక్షన్‌లో ఉంది. అక్కడ ప్లేబుక్ రోజూ రాత్రి షెడ్యూల్ మీద నడుస్తుంది. జాబితా పొడవైనది, వరుస దాదాపు ప్రతి రాత్రీ మారుతుంది. ఫైల్ మారితే హ్యాండ్లర్ (మార్పు జరిగినప్పుడే నడిచే టాస్క్) డేటాబేస్‌ని రీస్టార్ట్ చేస్తుంది. రాత్రిళ్లు కనెక్షన్లు తెగుతున్నాయని అప్లికేషన్ వాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. అదే సమయంలో బ్యాకప్ కూడా నడుస్తుంది కాబట్టి నింద దాని మీద పడింది. బ్యాకప్ సమయాన్ని అటు జరిపారు, ఇటు జరిపారు. చివరికి యూనియన్ పక్కన సార్ట్ అన్న ఒక్క మాట చేర్చాక ఆ ఫిర్యాదులు ఆగిపోయాయి. టెస్ట్ డేటాలో కూడా 2 అడ్రస్‌ల బదులు 10 పెట్టాం. రెండింటికి రెండే వరుసలు, పదింటికి 36,28,800. ఇలాంటిది మళ్లీ ఎవరైనా రాస్తే అదృష్టం మీద పాస్ అయ్యే అవకాశం ఇక లేనట్టే.

ఒక్క లైను కూడా రాయక్కర్లేదని పైన అన్నాను గానీ, మనం రాసిన కమాండ్లను నేరుగా నడిపే కమాండ్, షెల్ మాడ్యూల్స్ ఉన్న రోల్‌కి అది వర్తించదు. వాటికి ఏమీ చెప్పకపోతే అవి నడిచిన ప్రతిసారీ చేంజ్డ్ అనే అంటాయి. ఎప్పుడు మార్పు జరిగినట్టో మనమే చేంజ్డ్_వెన్‌లో రాయాలి. తొందరలో ఉన్నవాళ్లు అక్కడ ఫాల్స్ (ఎప్పుడూ మార్పు లేదు) అని పడేస్తారు, బిల్డ్ ఆకుపచ్చ అయిపోతుంది. మాలిక్యూల్-ఐడెంపొటెన్స్-నోటెస్ట్ అనే ట్యాగ్ తగిలిస్తే ఆ టాస్క్‌ని రెండో రన్‌లో అసలు లెక్కలోకే తీసుకోదు. రెండూ కొన్నిచోట్ల న్యాయంగానే అవసరం. కానీ రోల్ నిండా అవే ఉంటే ఆ ఆకుపచ్చకి అర్థం లేదు. అందుకే ఇప్పుడు రివ్యూలో నేను ముందు వెతికేది ఆ రెండింటినే.

ఇంకో పరిమితి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఈ పరీక్ష ఎప్పుడూ అప్పుడే పుట్టిన కంటైనర్ మీద జరుగుతుంది. ఏళ్ల తరబడి నడుస్తున్న సర్వర్‌లో పాత రోల్ వదిలేసిన ఫైల్స్ ఉంటాయి. టెంప్లేట్ పేరు మార్చినప్పుడు పాత పేరుతో ఉన్న ఫైల్‌ని ఎవరూ తీసెయ్యరు. కొత్త కంటైనర్‌కి ఆ సంగతే తెలియదు. దీనికోసం ప్రిపేర్ స్టెప్‌లో రోల్ పాత వెర్షన్‌ని ముందు నడిపించి, దాని మీద కొత్తది నడుపుతున్నాం. పని చేస్తుంది, కానీ టైమ్ బాగా పెరిగింది.

కంటైనర్‌తో వచ్చే చిరాకులు మామూలే. కంటైనర్లను నడిపే హోస్ట్ మెషీన్ సీగ్రూప్ వీ2కి (ప్రాసెస్‌లకి వనరులు పంచే లినక్స్ ఏర్పాటులో కొత్త వెర్షన్) మారిన రోజు సిస్టమ్‌డీ (సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) ఉన్న మా కంటైనర్లన్నీ ఒక్కసారి పడుకున్నాయి. సీఐ నడిచే మెషీన్ (రన్నర్) ఇమేజ్ మారిందని మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. డాకర్ కంటైనర్లను లేపే డ్రైవర్ ఇప్పుడు మాలిక్యూల్‌లో భాగం కాదు, మాలిక్యూల్-ప్లగిన్స్ అనే వేరే ప్యాకేజీలో ఉంది. వెర్షన్లు బిగించి పెట్టుకోకపోతే ఏదో ఒక ఉదయం టెన్షన్ తప్పదు. కెర్నెల్ మాడ్యూల్స్, డిస్క్ మౌంట్‌లు ముట్టుకునే రోల్స్‌ని మేం కంటైనర్‌లో పరీక్షించడమే మానేశాం. వాటికి వర్చువల్ మెషీన్లే.

కొనసాగించాలా అంటే, మా పరిస్థితికి అవును. మావి తీసి పారెయ్యలేని పాత సర్వర్లు, రోజూ రాత్రి నడిచే ప్లేబుక్‌లు, రోల్స్‌ని ముట్టుకునే చేతులు ఎక్కువ. అదే మీరు ప్రతిసారీ కొత్త సర్వర్ ఇమేజ్ కట్టి పాతదాన్ని పారేసే పద్ధతిలో ఉంటే, రోల్ మళ్లీ నడిచే సందర్భమే రాదు కాబట్టి ఈ స్టెప్ మీకు పెద్దగా ఉపయోగపడదు. ఒక్కరే రాసే రెండు మూడు చిన్న రోల్స్‌కైతే నేనయినా కోడ్‌ని నడపకుండానే తప్పులు పట్టే అన్సిబుల్-లింట్‌తోనే సరిపెట్టుకుంటాను. మేం కూడా పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పు ప్రతిపాదన) మీద ఒకే ఒక లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌తో నడిపి, మిగతావన్నీ రాత్రి పైప్‌లైన్‌కి వదిలేశాం. ఆ ఏర్పాటు కుదిరాకే టెస్టులు ఆలస్యమవుతున్నాయన్న సణుగుడు తగ్గింది.