కూల్చిన పబ్బుని మళ్ళీ కట్టించారు, వెళ్ళి చూడండి

లండన్‌లో నాలుగు రోజులున్నాం. టవర్ బ్రిడ్జి, మ్యూజియం అందరూ చూసేవే, హాయిగా గడిచాయి. నేను రాస్తున్నది రెండు పాత కట్టడాల గురించి.

మొదటిది మా బస. పేరు చెప్పను. విక్టోరియా కాలం నాటి ఇల్లని ఫొటోలు పెట్టి రాత్రికి 118 పౌండ్లు తీసుకున్నారు. పాతదనమంతా వీధి గుమ్మం దాకానే. లోపల ఒక పెద్ద గదిని అట్టలాంటి గోడ పెట్టి రెండు చేశారు. ఆ గోడ సరిగ్గా కిటికీ మధ్యలోకి వచ్చింది. సగం కిటికీ మాకు, సగం పక్కవాళ్ళకి! వాళ్ళు తలుపు తెరిస్తే చలి మాకు. ఖాళీ చేశాక బ్యాగులు రెండు గంటలు ఉంచినందుకు ఒక్కోదానికి 5 పౌండ్లు. మా ఆవిడ మొదటి రాత్రే ముభావంగా అయిపోయింది. ఫొటోలో కిటికీ పూర్తిగా కనబడకపోతే ఆ గది బుక్ చెయ్యకండి.

మూడో రోజు మా మేనల్లుడు కార్ల్‌టన్ టావెర్న్ అనే పబ్బుకి బయల్దేరదీశాడు. "బారుకి నేనెందుకురా?" అంది ఆవిడ. "అత్తయ్యా, ఇది ఇక్కడివాళ్ళ రచ్చబండ, రండి" అన్నాడు. ట్యూబ్‌లో, అంటే అక్కడి భూగర్భ రైల్లో, మాకు మనిషికి 2.90 పౌండ్లు అయింది, కిల్‌బర్న్ పార్క్ స్టేషన్లో దిగితే నడిచి వెళ్ళేంత దూరమే.

మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబు పడి పాత పబ్ పోతే, చారింగ్‌టన్ బీరు కంపెనీ 1920–21లో దీన్ని కట్టించింది. రెండో యుద్ధం బాంబులకి కూడా చెక్కుచెదరలేదు. కానీ 2015 ఏప్రిల్లో యజమానులే, అనుమతి లేకుండా, బుల్డోజర్ పెట్టి కూల్చేశారు. ఆ స్థలంలో ఫ్లాట్లు కట్టాలని వాళ్ళ ఆలోచన. అప్పటికే దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించే పని నడుస్తోంది, వివరాలన్నీ నమోదు చేసి ఉంచారు. పేటవాళ్ళు ఊరుకోలేదు. ఉన్నది ఉన్నట్టు మళ్ళీ కట్టమని వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ ఆర్డరేసింది. యజమానులు అప్పీలుకెళ్ళినా నెగ్గలేదు. 2021 ఏప్రిల్లో తలుపులు తెరుచుకున్నాయి. ఇది వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

పబ్బుల్లో కూర్చుంటే ఎవరో వస్తారని చూడకండి, కౌంటర్ దగ్గరికెళ్ళి మనమే చెప్పుకోవాలి. నాకు హాఫ్ పింట్ బీరు, మేనల్లుడికి పింట్, ఆవిడకి ఆరెంజ్ జ్యూస్, ముగ్గురికీ కలిపి చిప్స్: మొత్తం 19.60 పౌండ్లు. లండన్‌లో ఇంత తృప్తిగా ఇంకెక్కడా డబ్బు ఇవ్వలేదు.

బయటికొచ్చాక మా ఆవిడ గోడ మీది టైల్స్‌ని అరచేత్తో నిమురుతూ చాలాసేపు నిలబడింది. "మా తాతగారి మండువా ఇల్లు పడగొట్టినప్పుడు ఒక్క స్తంభమైనా ఉంచమని అడిగేవాళ్ళు లేకపోయారండీ" అంది. స్టేషన్ దాకా ఆ ఇంటి గురించే చెప్పింది. వసారా, నూతిపళ్ళెం, ధాన్యం గాదె, అన్నీ.