ఉత్తరమా, సభా, సంతకమా? అడవి దారుల విషయంలో ఏది మేలు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మోయాబ్ పట్టణానికి చేరువలో గ్రీన్ నది ఎర్రరాతి లోయల మధ్య మెలికలు తిరుగుతుంది. లాబిరింత్ కాన్యన్, జెమిని బ్రిడ్జెస్ అని పిలిచే ఆ ప్రాంతంలో సుమారు 3 లక్షల ఎకరాల ప్రభుత్వ భూమి ఉంది. జీపులు, బైకులు అక్కడ తిరిగే దారులన్నీ కలిపితే 1,100 మైళ్ల పైమాటే. ఆ భూమిని చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ 2023 సెప్టెంబరులో వాటిలో 317 మైళ్లను మోటారు వాహనాలకు మూసేసింది. జీపు ప్రియులు భగ్గుమన్నారు. నిశ్శబ్దం కోసం నదిలో పడవ వేసుకునేవారు ఊపిరి పీల్చుకున్నారు.

ఇలాంటి నిర్ణయం వెలువడినప్పుడల్లా అమెరికాలోని మనవాళ్ల వాట్సాప్ బృందాల్లో ఒకటే మాట: 'మనల్ని ఎవరడిగారు?' అడిగారు. నెలల తరబడి అడిగారు. మనకు తెలియలేదంతే. పైగా ఈ అభిప్రాయ సేకరణకు పౌరసత్వంతో పని లేదు. ఓటు లేని హెచ్‌1బీ ఉద్యోగి రాసినా, మూడు తరాలుగా అక్కడే ఉన్న రైతు రాసినా దస్త్రంలో చోటు ఒకటే. మరి వారాంతంలో కొండలెక్కే మామూలు మనిషి ఏ దారిన వెళితే తన మాట చేరుతుంది?

అన్నిటికన్నా తేలిక సంతకం. ఏదో ఒక సంఘం ఉత్తరం రాసిపెడుతుంది, మనం పేరు చేర్చి మీట నొక్కుతాం. అర నిమిషం పని. ఫలితమూ ఆ మేరకే. అధికారులకు ఇది ఓట్ల లెక్కింపు కాదు; ఆ మాట వాళ్లే పదేపదే చెబుతారు. ఒకే ఉత్తరం పది వేల మంది పంపినా వాటిని ఒక కట్టగా కట్టి, అందులోని విషయానికి ఒకే జవాబు రాస్తారు. రాజకీయ నాయకుల చూపు పడాలంటే ఆ సంఖ్య పనికొస్తుందేమో. 'ఫలానా మలుపు దగ్గర దారిని వంద గజాలు పక్కకు జరపండి' అనే కోరిక మాత్రం ఆ కట్టలో కలిసిపోతుంది.

సభ సంగతి వేరు. ప్రజాభిప్రాయ సేకరణ అనగానే మనకు షామియానా, వేదిక మీద కలెక్టరు, చుట్టూ పోలీసులు, మైకు కోసం పెనుగులాట కళ్ల ముందు మెదులుతాయి. అమెరికాలో చాలాసార్లు వేదికే ఉండదు. ఒక హాల్లో బల్లల మీద పెద్ద పెద్ద పటాలు పరుస్తారు. ఒక బల్ల దగ్గర వన్యప్రాణి నిపుణుడు, మరో బల్ల దగ్గర దారుల ఇంజనీరు నిలబడతారు. మనం వెళ్లి వేలు పెట్టి చూపించవచ్చు, ఈ దారిని ఎందుకు మూస్తున్నారని నిలదీయవచ్చు. కాగితంలో కనిపించని కారణాలు అక్కడ దొరుకుతాయి: ఈ మట్టి వానకు కొట్టుకుపోతుంది, ఆ గట్టు మీద కొండగొర్రెలు ఈనుతాయి. నాకు సభలో నచ్చేది ఇదే. అక్కడికి వెళ్లాల్సింది చెప్పడానికి కన్నా తెలుసుకోవడానికి.

అయితే సభలో నోటితో చెప్పి ఇంటికి వచ్చేస్తే ఒక చిక్కు ఉంది. జాతీయ అడవులను చూసే ఫారెస్ట్ సర్వీసులో తుది నిర్ణయానికి ముందు అభ్యంతరం దాఖలు చేసే అవకాశం ఒకటి ఉంటుంది. ఆ అర్హత సాధారణంగా గడువులోపల, నిర్దిష్టంగా, రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చినవారికే దక్కుతుంది. ఎంత గట్టిగా మాట్లాడారన్నది అప్పుడు ఎవరూ చూడరు. కాగితం ఉందా అనే చూస్తారు.

అందుకే నా మొగ్గు సొంతంగా రాసిన ఉత్తరం వైపు. దానికి పెద్ద ఇంగ్లిషు అక్కర్లేదు. ఆవేశం అంతకన్నా అక్కర్లేదు. 'ప్రకృతిని కాపాడండి' అని మూడు పేజీలు రాస్తే చదివే ఉద్యోగి దాన్ని ఏం చేసుకోవాలి? పటంలో ప్రతి దారికీ ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య రాయండి. ఏ నెలలో వెళ్లారో, ఏం చూశారో రాయండి: బురదలో చక్రాలు రెండడుగుల లోతు దిగబడ్డాయి, మలుపులో ఎదురుగా వచ్చే బండి కనబడదు, వాగు దాటే చోట గట్టు కూలింది. తర్వాత ఏం కావాలో అడగండి. అడగడానికి మూయడం, తెరవడం అనే రెండే మార్గాలు లేవు. కొన్ని నెలలు మాత్రమే మూయమనవచ్చు. 50 అంగుళాల కన్నా వెడల్పు బండ్లను ఆపమనవచ్చు. దారిని పక్కకు మళ్లించమనవచ్చు. తుది నిర్ణయానికి ముందు అధికారులు విడుదల చేసే ముసాయిదాలో సాధారణంగా మూడు నాలుగు ప్రత్యామ్నాయాలు పెడతారు. మీ దారి ఏ ప్రత్యామ్నాయంలో ఏమవుతుందో చూసి, దాని పేరు చెప్పి మాట్లాడితే ఉత్తరానికి పదును వస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, దారుల నిర్ణయానికి ప్రభుత్వం కొన్ని కొలమానాలు పెట్టింది. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మోటారు దారులను నేలకు, నీటికి, చెట్లకు, వన్యప్రాణులకు నష్టం, ఇతర సందర్శకులతో ఘర్షణ వీలైనంత తగ్గేలా ఎంచాలి. ఫారెస్ట్ సర్వీసు 2005 నాటి నియమంతో ఇంకా బిగించింది: పటంలో గుర్తించిన దారుల్లోనే బండి నడపాలి, పటంలో లేనిది దారి కాదు. మీ ఉత్తరంలోని పరిశీలన ఆ కొలమానాల్లో ఒకదానికి తగిలితే అధికారి పక్కన పెట్టడం కష్టం. ఒక హెచ్చరిక: మీ పేరు, చిరునామా బహిరంగ దస్త్రంలో చేరవచ్చు. అది ఇష్టం లేనివారు ముందే ఆలోచించుకోవాలి.

ఇంగ్లండులో ఇంకో పద్ధతి ఉంది, నాకు కాస్త అసూయ కలిగించేది. అక్కడ 1980 నాటి హైవేస్ చట్టం ప్రకారం, జనం 20 ఏళ్లు ఎవరి అనుమతీ అడగకుండా, అడ్డులేకుండా, బాహాటంగా నడిచిన బాటను ప్రజల దారిగా భావించవచ్చు, యజమాని తనకు ఆ ఉద్దేశం లేదని చూపిస్తే తప్ప. ఊరివాళ్లు 'నేను ఫలానా ఏడు నుంచి నడుస్తున్నాను' అని పత్రాలు నింపి ఇస్తారు. అంటే నడకే సాక్ష్యం. మన పల్లెల్లో పుంత దారి గురించి పెద్దలు చెప్పే తీరు ఇదే కదా! కాకపోతే అది ఎక్కువగా సొంత భూముల మీదుగా పోయే బాటల కథ. అమెరికా ప్రభుత్వ అడవిలో మీరు ముప్పై ఏళ్లు నడిచినా, ఆ సంగతి కాగితం మీద పెట్టేదాకా చెల్లదు.

నాలుగోది ఓపిక ఉన్నవారి దారి: స్థానిక సలహా మండలిలోనో, దారులు బాగుచేసే స్వచ్ఛంద బృందంలోనో చేరడం. పలుగు పట్టి వాన నీరు పోయేలా కాలువ తీసిన మనిషిని అటవీ కార్యాలయం పేరుతో గుర్తుపెట్టుకుంటుంది. ముసాయిదా రాకముందే అతన్ని అడుగుతారు. పిల్లల ఈత తరగతులు, ఉద్యోగం, భారత కాలమానంలో రాత్రి సమావేశాలు ఉన్నవారికి ఇది అందని ద్రాక్ష అని మొన్నటిదాకా అనుకునేవాణ్ణి.

ఇప్పుడు ఆ అంచనా కొంచెం కదిలింది. అభిప్రాయ సేకరణకు ఊతమిచ్చింది 1970లో అమల్లోకి వచ్చిన జాతీయ పర్యావరణ విధాన చట్టం. చట్టం ఇంకా ఉంది. కానీ 2025లో వైట్‌హౌస్‌లోని పర్యావరణ మండలి దాని నియమావళిని రద్దు చేసింది. అదే ఏడాది జులైలో ఫారెస్ట్ సర్వీసు ఉన్న వ్యవసాయ శాఖ, ల్యాండ్ మేనేజ్‌మెంట్ బ్యూరో ఉన్న అంతర్గత వ్యవహారాల శాఖ తమ నియమాలను తిరగరాశాయి. ముసాయిదా మీద గడువిచ్చి జనాన్ని అడగడం చాలా సందర్భాల్లో అధికారుల విచక్షణకు వెళ్లింది. గడువే ప్రకటించకపోతే ఎంత మంచి ఉత్తరమైనా ఎప్పుడు పంపాలి? అందుకని ఉత్తరం రాసే అలవాటు మానకుండానే, మీ ఇంటికి దగ్గరి రేంజర్ కార్యాలయానికి ఒకసారి వెళ్లి రండి. ఈ ఏడాది ఏ దారుల మీద పని మొదలవుతుందో అడగండి. సమాచారం పంపే జాబితాలో మీ ఈమెయిలు చేర్చమనండి. నెలకో శనివారం పలుగు పట్టడం ఆ తర్వాత, మోకాళ్లు ఒప్పుకుంటే.